తమ్ముడి గిటారుకు మూడో నాబ్

వీధిలో అందరూ ఆమెను తీగలక్క అనేవారు. పెట్టిన పేరు ఒకటుండేది గాని కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. మెట్ల కింద ఒక చిన్న గది, అందులో ఒక బల్ల, గోడకు వేలాడే తీగల చుట్టలు. ఎలక్ట్రిక్ గిటార్ల కడుపు విప్పి లోపలి తీగలు సరిచేయడం ఆమె పని. తలుపుకు బోర్డు లేదు. సోల్డరు కాలే వాసన పట్టుకుని కొత్తవాళ్ళు కూడా నేరుగా వచ్చేసేవారు.

ఆ విద్య తండ్రి నుంచి వచ్చింది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. ఇద్దరు పిల్లల్లో చిన్నవాడికి ఆ బల్ల దగ్గర కాలు నిలిచేది కాదు. పెద్దది మాత్రం తండ్రి మోకాలి పక్కన స్టూలు వేసుకుని గంటల తరబడి కదలకుండా కూర్చునేది. "సీసం కరగాలి, పాకాలి, మెరవాలి. అప్పుడు చేయి తియ్యి. గట్టిపడేదాకా ఊపిరి కూడా వదలకు" అని ఆయన చెప్తే నిజంగానే ఊపిరి బిగబట్టేది. మొహం ఎర్రబడిపోతే ఆయన నవ్వేవాడు. "అంత భక్తి అక్కర్లేదే తల్లీ, చేయి కదపకు చాలు."

నలభై దాటాక తండ్రికి చెవులు మందగించాయి. మొదట సన్నని శబ్దాలు పోయాయి, తర్వాత మాటలు. రేడియో విప్పి బిగించాక అది పాడుతోందో లేదో పిల్లల మొహాలు చూసి తెలుసుకునేవాడు. పదిహేనేళ్ళ కొడుకు ఒకరోజు అరుగు మీద స్నేహితుల మధ్య కూర్చుని, "మా నాన్న రేడియోలకు డాక్టరు. కాకపోతే రోగి బతికిందో లేదో మేం చెప్పాలి" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన తండ్రి, అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వాడు.

అది చూసి కొడుకు మొహం పాలిపోయింది. లోపలికి వచ్చి అక్క ఒడిలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నాకు కూడా అలా అవుతుందా అక్కా? అలా అయితే నేను ఉండలేను. నిజంగా ఉండలేను." ఆమె వాడి వీపు నిమిరి, ఛీ, నీకెందుకవుతుంది అంది. తర్వాత ఆ మాట వాడు మర్చిపోయాడో ఏమో. ఆమె మాత్రం మర్చిపోలేదు.

తండ్రి పోయాక రేడియోలు కూడా పోయాయి. తమ్ముడు గిటారు పట్టాడు. ఆ వేళ్ళు తీగల మీద ఎలా నిలిచాయో అక్కకు అర్థమయ్యేది కాదు; అన్నం తింటున్నప్పుడు కూడా కాలు ఊపే మనిషి, గిటారు చేతికొస్తే ధ్యానంలో ఉన్నట్టు కూర్చునేవాడు. హోటళ్ళలో, కంపెనీ విందుల్లో వాయించే ఒక బ్యాండులో చేరాడు. వాడి గిటారు విప్పి చూడ్డంతోనే ఆమె కొత్త పని మొదలైంది. వాడి స్నేహితుల గిటార్లు వచ్చాయి, వాళ్ళ స్నేహితులవి వచ్చాయి. బస్సు డ్రైవరైన భర్త ఇంట్లో బల్ల పెట్టనివ్వనంటే మెట్ల కింద గది తీసుకుంది. "ఇల్లంతా సీసం వాసన. పప్పు కూడా రేడియోలా ఉంటోంది" అని ఆయన ఫిర్యాదు.

తమ్ముడికి పెళ్ళయింది. బ్యాండుకు పేరొచ్చింది. వాడి ముదురెరుపు గిటారు అంటే ఊళ్ళో వాయించేవాళ్ళంతా చెవి కోసుకునేవారు. ముప్పై ఐదో ఏట ఒక మధ్యాహ్నం వాడు ఆ గిటారు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, దీని గొంతు మూసుకుపోయింది. దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది."

ఆమె తీగలు మీటింది. గొంతు బాగానే ఉంది. అయినా వాడి మాట కొట్టిపారేయలేక విప్పి చూసింది. గిటారు తీగల కింద చిన్న పెట్టెల్లా ఉండేవి పికప్పులు. తీగ ఊపును కరెంటుగా మార్చేది అవే. వాడివి హంబకర్లు. అంటే ఒక్కో పెట్టెలో పక్కపక్కనే రెండు కాయిల్స్, వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు. దీపాల నుంచి, కరెంటు లైన్ల నుంచి వచ్చే గుయ్యిమనే రొదను ఒక కాయిల్ ఒకవైపు పట్టుకుంటే రెండోది దానికి ఎదురుగా పట్టుకుంటుంది. రెండూ కలిసినచోట రొద చచ్చిపోయి పాట మిగులుతుంది. స్వరం లావుగా, గుండ్రంగా వస్తుంది. ఒక కాయిల్ ఆపేస్తే స్వరం సన్నబడి గాజుముక్కలా మెరుస్తుంది. కాకపోతే పోయిన రొద తిరిగి వచ్చి కూర్చుంటుంది.

"ఒక కాయిల్ ఆపే స్విచ్చు పెడతాను. సన్నగా కావాలంటే నొక్కుకో" అంది. పెట్టింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"ఇటు నొక్కితే దుప్పటి, అటు నొక్కితే సూది. మధ్యలో ఏమీ లేదా?"

"ఉంది. కాకపోతే చెక్కకు ఇంకో చిల్లు పెట్టాలి."

"చెక్కకా!"

"నీ తలకు కాదులే. కూర్చో."

డ్రిల్లు మొదలెట్టగానే వాడు బయటికి నడిచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తన పన్ను పీకుతున్నట్టు భుజాలు బిగపట్టుకున్నాడు. ఆమెకు నవ్వాగలేదు.

పని చిన్నదే. పికప్పు లోంచి నాలుగు సన్నని తీగలు వస్తాయి. రెండు కాయిల్స్ కలిసేచోట వాటిలో రెండు ముడిపడి ఉంటాయి. మామూలుగా ఆ ముడికి టేపు చుట్టి వదిలేస్తారు. స్విచ్చు పెడితే ఆ ముడి నేరుగా ఎర్తుకు కలిసి ఒక కాయిల్ పడుకుంటుంది. ఆమె ముడికీ ఎర్తుకీ మధ్య, వాల్యూము తిప్పడానికి వాడేలాంటి పాట్ ఒకటి పెట్టింది. ముడి నుంచి వచ్చే తీగ దాని ఒక కాలికి, నడిమి కాలి నుంచి ఎర్తుకు ఇంకో తీగ. ఒక కొసకు తిప్పితే రెండు కాయిల్సూ పాడతాయి. రెండో కొసకు తిప్పితే ఒక్కటే. ఆ మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడ, రెండో కాయిల్ ఎంత కావాలంటే అంతే నోరు తెరుస్తుంది. వాల్యూముకొకటి, టోనుకొకటి ఉన్న గిటారుకు ఇది మూడో నాబ్. దాని అంచున గోళ్ళ రంగుతో తెల్లచుక్క పెట్టింది.

తమ్ముడు వాయించి చూశాడు. మెల్లగా తిప్పుతూ, ఆపుతూ, వెనక్కి తెస్తూ, సరిగ్గా నడిమధ్య నిలిపాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు వాయించాడు. ఆ మధ్యాహ్నం పై మెట్ల మీద ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఆగిపోయారు.

"అక్కా," అన్నాడు చివరికి, "నాన్న ఉంటే బాగుండేది."

ఆ తర్వాత చాలామంది వచ్చి, మీ తమ్ముడికి పెట్టిన నాబ్ మాకూ పెట్టమన్నారు. ఆమె బల్ల ముందు గిటార్లు వరస కట్టాయి. ఆ రోజులు ఆమె జీవితంలో మంచి రోజులు.

తమ్ముడి గిటారు తీగలు మార్చడానికో తుడవడానికో అప్పుడప్పుడు వచ్చేది. ఆఖరుసారి వాయించినప్పుడు ఎలా ఉందో నాబ్ అలాగే ఉండేది. తెల్లచుక్క నడిమధ్య నుంచి కొంచెం జరిగింది. తర్వాతసారికి ఇంకొంచెం. ఆమె పట్టించుకోలేదు. పాటలు మారి ఉంటాయి అనుకుంది. రెండేళ్ళయ్యాక, తిప్పుతుంటే గరగరమంటోందని వాడు గిటారు పంపాడు. ఆమె పాట్ విప్పింది. లోపల నల్లటి కార్బను దారి ఉంటుంది, దాని మీద ఇత్తడి వేలు తిరుగుతుంది. సగానికి పైగా దారి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. సన్నస్వరం వైపు కొస మాత్రం అరిగి తెల్లబడిపోయింది. వీడు ఇంతకాలంగా ఈ మూలనే తిరుగుతున్నాడా అనుకుంది. కొత్త పాట్ వేసి, కారణం కోసం ఇంకా గిటారులోనే వెతికింది. తెలియక కాదు, తెలుసుకోబుద్ధి కాక.

గిటారు తీసుకెళ్ళడానికి వాడే వచ్చాడు. ఆమె చివరి అతుకు వేసి, మీటరు తీసింది. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా సరిగ్గా కలిస్తే ఆ మీటరు సన్నగా కీచుమంటుంది. తీగకు రెండు కొసలా దాని పుల్లలు ఆనించింది. మీటరు మోగింది.

"పట్టలేదక్కా," అన్నాడు తమ్ముడు, పక్కనే మోచేతికి మోచేయి తగిలేంత దగ్గర నిలబడి. "మోగలేదు చూడు."

ఆమె పుల్లలు తీయలేదు. మీటరు ఇంకా కీచుమంటూనే ఉంది. వాడు అతుకు వైపు శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. రేడియో బిగించాక తండ్రి పిల్లల మొహాల్లోకి చూసే చూపు అది.

"అవును, పట్టలేదు" అంది. మెరుస్తున్న మంచి అతుకును కరిగించి, సీసం పీల్చేసి, మళ్ళీ అతికించింది. ఈసారి మీటరు పెట్టకుండానే మూత బిగించేసింది.

ఇంటికెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నాడు.

"చెప్పెయ్యి వాడికి."

"ఎలా చెప్పను? వాడు చిన్నప్పుడు ఏమన్నాడో మీకు తెలీదు."

"మా డిపోలో కళ్ళు మందగిస్తే బండి దింపేస్తారు. ఆ రోజు బాధగానే ఉంటుంది. దింపకపోతే ఏమవుతుందో చూశాను కాబట్టి చెప్తున్నా."

"వీడేం బస్సు నడపట్లేదు కదా."

"ఏదో ఒకటి నడుపుతూనే ఉన్నాడుగా" అని ఆయన లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

రేపు చెప్తాననుకుంది. రేపు వాడికి పెద్ద కచేరీ ఉందని తెలిసింది. ఆ తర్వాత మరదలు కడుపుతో ఉందన్న కబురొచ్చింది. ఆ తర్వాత పాప పుట్టింది. శుభమా అని ఇప్పుడెందుకు అనుకుంది. ప్రతిసారీ ఏదో ఒక మంచిపని అడ్డం వచ్చేది. మాట కడుపులోనే పెట్టుకుని తిరిగింది.

తమ్ముడికి మాత్రం తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. గిటారులో ఉంది. అంటే అక్క పనిలో ఉంది. "ఇది మళ్ళీ మూసుకుపోయింది, ఏం అతికించావసలు?" అని నెలకోసారి వచ్చేవాడు. ఆమె విప్పేది. ఏ లోపమూ లేని తీగలు తీసి కొత్తవి వేసేది. రెండో కాయిల్ ఇంకాస్త తగ్గేలా, స్వరం ఇంకాస్త పదునెక్కేలా పాట్లు మార్చింది. టోను నాబ్‌నే తీసి పక్కన పెట్టింది. కొన్నాళ్ళు బాగుందనేవాడు. మళ్ళీ వచ్చేవాడు. ముక్కు మీద కోపం మొదటినుంచీ ఉన్నదే గాని, అక్క మీద ఎప్పుడూ చూపించనివాడు ఇప్పుడు నలుగురి ముందూ గొంతు పెంచసాగాడు. తన గొంతు ఎంత పెరిగిందో వాడికే తెలియదని ఆమెకు తెలుసు.

"తీగలక్క చేయి పోయింది. సొంత తమ్ముడి గిటారే సరిచేయలేకపోతోంది" అనే మాట బ్యాండుల్లో పాకింది. వచ్చే గిటార్లు తగ్గాయి. ఒకాయన తన గిటారు సగంలోనే వెనక్కి పట్టుకెళ్ళాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చేయి పోయిందంటే పోనీ. చెవి పోయిందనేదాని కన్నా నయమే కదా అనుకుని ఊరుకుంది.

బయటపడింది ఒక హోటలు హాల్లో. ఏదో కంపెనీ విందు. మరదలు పిల్లను తల్లి దగ్గర వదిలి, వదినను కూడా రమ్మని పిలిచింది. ఇద్దరూ వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. హాలు నిండా కాంతి తగ్గించి పెంచే దీపాలు. మామూలు దీపాల కన్నా వాటి రొద ఎక్కువ. ఒక్క కాయిల్ మీద వాయించేవాడికి అలాంటి దీపాల కింద ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. లేచి వెళ్ళి వాడితో చెప్పేలోపే వాళ్ళు మొదలెట్టేశారు.

మొదటి పాట డ్రమ్ముల హోరులో గడిచిపోయింది. రెండోది నెమ్మదైన పాట. గాయని గొంతెత్తగానే గిటారు స్పీకరు పెట్టె నుంచి గుయ్యిమని రొద లేచింది. తేనెటీగల తుట్టె కదిపినట్టు. బల్లల దగ్గర తలలు అటు తిరిగాయి. బ్యాండును నడిపే కీబోర్డు మాస్టారు, తగ్గించు తగ్గించు అని చేత్తో సైగ చేశాడు. తమ్ముడు దాన్ని వేరేలా అర్థం చేసుకున్నాడు. చిరునవ్వు నవ్వి, వాల్యూము ఇంకా పెంచాడు.

రొద హాలంతా నిండిపోయింది. ఎవరో పెద్దావిడ చెవులు మూసుకుంది. గాయని పాడడం ఆపేసింది. కీబోర్డు మాస్టారు లేచి వెళ్ళి పెట్టెలోంచి కేబులు పీకేశాడు. రొద ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తమ్ముడు కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. కరెంటు లేని ఇనుప తీగల టిక్కుటిక్కు మాత్రం ముందు వరసకు వినిపించి ఉంటుంది. ఎంత ఇష్టంగా వాయించాడో ఆ కొద్దిసేపూ! కళ్ళు తెరిచి, గాయని నోరు మూసి ఉండడం చూసి, అప్పుడు ఆపాడు.

"ఏమైంది ఆయనకి?" అంది మరదలు. "వదినా, ఏమైంది?"

తీగలక్క లేచి వేదిక వైపు నడిచింది.

డాక్టరు వాణ్ణి అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఏ చిన్న శబ్దం వినిపించినా చేయి ఎత్తమన్నాడు. ఆడవాళ్ళిద్దరూ బయట నిలబడి అద్దంలోంచి చూశారు. డాక్టరు మీట తిప్పుతున్నాడు. వాడి చేయి ఒళ్ళో ఉంది. ఇంకా తిప్పాడు. చేయి ఒళ్ళోనే ఉంది. క్లాసులో జవాబు తెలియని పిల్లాడిలా వాడు ముందుకు వంగి, ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. ఎత్తరా, ఒక్కసారి ఎత్తరా అని ఆమె లోలోపల బతిమాలుకుంది. ఎప్పటికో చేయి లేచింది.

"వంశంలో ఉన్నట్టుంది," అన్నాడు డాక్టరు తర్వాత. "పైగా ఏళ్ళ తరబడి పెద్ద చప్పుళ్ళ మధ్య ఉన్నారు. కొన్నేళ్ళ ముందే తెలిసి దూరంగా ఉండుంటే, మిగిలింది ఎక్కువకాలం నిలిచేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

మరదలు, లేదండీ అంది. తీగలక్క నేల వైపు చూసింది.

మర్నాడు తమ్ముడు ఒక్కడే మెట్ల కింద గదికి వచ్చాడు. చెవుల్లో కొత్త వినికిడి మిషన్లు. గిటారు తేలేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతాను. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"పాట్ మార్చిన రోజు నేను ఇక్కడే నిలబడ్డాను. పట్టలేదన్నాను. నువ్వు మళ్ళీ అతికించావు." బల్ల మీది మీటరు చూపించాడు. "ఆ రోజు మీటరు మోగిందా?"

"మోగింది" అంది.

వాడు తలూపాడు. ఇంకేమైనా చెప్తుందేమోనని ఎదురుచూశాడు. ఆమె చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి: అరుగు మీద జోకు, తండ్రి నవ్వు, ఒడిలో పెట్టిన తల. ఏదీ బయటికి రాలేదు. వాడు లేచాడు.

"ఇన్నాళ్ళూ నిన్ను తిడుతుంటే పడ్డావు. నేనొక పిచ్చోణ్ణి, నువ్వొక దేవతవి. అంతేనా? నా చెవులక్కా అవి. నావి."

వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

బ్యాండు నుంచి వాణ్ణి తీసేశారు. వాడే మానేశాడని మాస్టారు అందరికీ చెప్పి మర్యాద కాపాడాడు. ఎర్ర గిటారు ఎవరికో అమ్మేశాడని మరదలు చెప్పింది. మిషన్లతో మాటలు వినిపించేవి గాని, సంగీతం మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేదట. మరదలు అప్పుడప్పుడు వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళేది. మొదట్లో ఆవిడ కూడా మొహం మాడ్చుకునే వచ్చింది. "నాకైనా చెప్పొచ్చు కదా వదినా. పక్కన పడుకునేదాన్ని, నాకు తెలీలేదు. మీకు తెలిసీ చెప్పలేదు" అంది ఒకసారి. కొన్నేళ్ళకు వాడొక ఫర్నిచరు కార్ఖానాలో కుదిరాడు, చెక్కకు పాలిష్ పట్టే పని. పాప బడికి వెళ్ళేసరికి మిషన్లతో కూడా వినిపించడం మానేసింది. తండ్రితో మాట్లాడాలంటే ముందు గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకోవడం ఆ పిల్లకు అలవాటైందట.

తీగలక్క పని మానలేదు. మానితే ఏం చేయాలో తెలియదు. అయితే ఒక కొత్త అలవాటు చేసుకుంది. ఎవరైనా వచ్చి గిటారు గొంతు మూసుకుపోయిందంటే, వాళ్ళు అటు తిరిగినప్పుడు వెనక మీటరు మోగించేది. తిరిగి చూశారా, గిటారు విప్పేది. చూడలేదా, సోల్డరు ఇనుము పక్కన పెట్టి, "ముందు చెవులు చూపించుకుని రండి. తర్వాతే ఇది ముట్టుకుంటాను" అనేది. మొహం మీదే అనేది, మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు. గిటారు బాగుచేయమంటే మనిషిని బాగుచేస్తానంటుందేమిటని కొందరు నవ్వారు, కొందరు బూతులు తిట్టి గిటారు లాక్కుపోయారు. ఒక డ్రమ్మరు మాత్రం నెల తర్వాత చెవుల్లో దూది బిరడాలతో వచ్చి, గుమ్మంలో నిలబడి ఆమెను చూసి వెళ్ళాడు. ఆ రోజు ఆమె తలుపు మూసుకుని ఏడ్చింది.

భర్త రిటైరయ్యాక కొద్దికాలానికే పోయాడు. తమ్ముడు వచ్చాడు, మోశాడు, చివరిదాకా నిలబడ్డాడు. ఆమె వైపు చూడలేదు.

ఆమెకు అరవై దాటాక, ఇంటి యజమాని మెట్ల పక్కన లిఫ్టు పెడతానని గది ఖాళీ చేయమన్నాడు. పక్కవీధిలో ఇంకో గది దొరికింది. సామాను సర్దుతున్న రోజు గుమ్మంలో వెలుతురు తగ్గింది. తల తిప్పితే తమ్ముడు. చేతిలో తాడు చుట్ట. జుట్టు నెరిసింది. వేళ్ళు పాలిష్ రంగుకు గోధుమరంగు తిరిగిపోయాయి.

"అది పంపించింది," అన్నాడు, పెళ్ళాం గురించి. గొంతులో ఎత్తుపల్లాలు పోయి, చదునుగా వినిపించింది. "ఒక్కదానివే మోయలేవంది."

ఆమెకు ఏం చేయాలో తోచక డబ్బాల మీదికి వంగి సర్దుతూ, టీ తాగావా, పాప ఎలా ఉంది, వ్యాను ఎక్కడ పెట్టావు అని వరసగా అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడిగింది.

"తలెత్తి మాట్లాడక్కా," అన్నాడు. "నీ నడినెత్తి చూసి నాకేం అర్థమవుతుంది?"

తలెత్తింది. వాడు ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత అంత నేరుగా, అంత దగ్గరగా ఆ మొహం. అడుగుతున్న టీ, పాప, వ్యాను అన్నీ ఎగిరిపోయాయి.

"తప్పు నాదేరా" అంది.

వాడు కనుబొమలు ముడిచాడు. "డబ్బా? డబ్బేం వద్దు. వ్యాను మా కార్ఖానాదే."

తప్పు, డబ్బు. పెదవుల మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. పోనీలే అని వదిలేయొచ్చు. ఆమె వదల్లేదు. వాడి మణికట్టు పట్టుకుని గుమ్మంలోని వెలుతురులోకి లాక్కొచ్చింది. వేలు తన గుండెకు ఆనించుకుని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "డబ్బు కాదు. తప్పు. నీకు. చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు."

వాడు చివరి మాట అయిపోయాక కూడా పెదవులే చూస్తూ ఉండిపోయాడు.

"చెప్పుంటే నీ మీద అరిచేవాణ్ణి," అన్నాడు. "అరిచి, గిటారు పట్టుకుని ఇంకో మెకానిక్కు దగ్గరికి పోయేవాణ్ణి. వినేవాణ్ణి కాదు."

అది నిజంగా అన్నాడో, తనను ఓదార్చడానికి అన్నాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. అడిగితే చెప్పేవాడు కూడా కాదు.

"ఆ కొస పట్టుకో" అన్నాడు.

బల్లను ఎత్తారు. గుమ్మం దాకా వచ్చి ఇరుక్కుపోయింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. గది తీసుకున్నాక లోపలే చేయించిన బల్ల అది, కాళ్ళు విప్పితే గాని బయటికి రాదు. వాడు పానా అడిగి, నేల మీద వెల్లకిలా పడుకుని బల్ల కిందికి దూరాడు. పై నుంచి ఆమె బరువు ఆనించి పట్టుకుంది.

"నెమ్మది, వేళ్ళు జాగ్రత్త" అంది. అని, వాడికి వినిపించదని గుర్తొచ్చి, వంగి భుజం మీద చేయి వేసింది. వాడు పని ఆపలేదు, చేయి తీసేయమనీ అనలేదు. మూడు కాళ్ళు త్వరగానే ఊడివచ్చాయి. నాలుగోదానికి బోల్టు తుప్పు పట్టి ఉంది. దానికి చాలాసేపు పట్టింది.